తుడిచే వంతు ఎవరిది? తొమ్మిదో తరగతిలో పౌరశాస్త్రం: నా అనుభవం

రెండేళ్ల కిందట జులైలో ఒక సాయంత్రం, తొమ్మిదో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు తీసుకుంటున్నాను. పౌరశాస్త్రం. 'సమానత్వపు హక్కును వివరించండి' అని ఐదు మార్కుల ప్రశ్న ఇచ్చాను. ఒకమ్మాయి పేపరు నా చేతికిచ్చి, నేరుగా వెళ్లి తలుపు వెనక ఉన్న చీపురు తీసుకుంది. ఆ రోజు తరగతి తుడిచే వంతు ఆమెది. పేపరు చూస్తే 14 నుంచి 18 వరకు ఐదు అధికరణలూ వరసగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. 15వ అధికరణ దగ్గర 'లింగ భేదం చూపరాదు' అన్న మాట కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది.

తల ఎత్తితే గోడ మీద తుడిచే వంతుల పట్టిక. రోజుకు ముగ్గురో నలుగురో చొప్పున ఇరవై రెండు పేర్లు. అన్నీ ఆడపిల్లలవే. మగపిల్లలు ఇరవై నలుగురిలో ఒక్కడి పేరూ లేదు. ఆ పట్టిక రాసింది నేనే.

పేపరుకి ఐదుకి ఐదు వేశాను. వేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

అప్పటికి పదకొండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. చరిత్ర చెప్పేటప్పుడు కథ ఉంటుంది, భూగోళానికి మ్యాపు ఉంటుంది. పౌరశాస్త్రం వచ్చేసరికి నా చేతిలో బిట్లే. లోక్‌సభ సభ్యుడికి కనీస వయసెంత? 25. రాజ్యసభకి? 30. ప్రాథమిక విధులు ఎన్ని? 11. పిల్లలు గడగడా చెప్పేవారు, మార్కులు వచ్చేవి, అందరం సంతోషంగా ఉండేవాళ్లం. ఆ మధ్య జాతీయ విద్యాప్రణాళికా చట్రం-2005 తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. మన బడుల్లోకి సివిక్స్ వచ్చింది బ్రిటిష్ వాళ్ల కాలంలో. జనంలో తమ మీద విధేయత తగ్గుతోందని వాళ్లకు అనిపించిన రోజుల్లో. అంటే వినయంగా ఉండడం నేర్పడానికి పెట్టిన సబ్జెక్టు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, నా క్లాసులో సివిక్స్‌కి ఇంకా రాలేదన్నమాట.

ఏదో ఒకటి చేయాలనుకున్నాను. అందరికీ మొదట తట్టేదే నాకూ తట్టింది. మాక్ పార్లమెంటు.

యూత్ పార్లమెంటు పోటీలు మన దేశంలో కొత్తవేం కావు. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లోనే ఢిల్లీ బడుల్లో మొదలుపెట్టింది. కాబట్టి నమూనాకు కొదవ లేదు. ఆగస్టులో వారం రోజులు కూర్చుని స్క్రిప్టు రాశాను. బాగా చదివే అమ్మాయికి స్పీకరు వేషం, గొంతు గట్టిగా ఉన్నవాడికి ప్రతిపక్ష నాయకుడు, తెల్ల చొక్కా ఉన్నవాడికి ప్రధానమంత్రి. ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, వాకౌట్, అన్నీ పెట్టాను. చూడ్డానికి వచ్చిన అధికారులు చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగాం.

రిహార్సల్లో మాత్రం ఒక మాట నా చెవిలో పడింది. ప్రతిపక్ష నాయకుడు స్క్రిప్టు చేత్తో పట్టుకుని, "టీచర్, మీరు రాసినదాంట్లో నేను చివరికి ఒప్పేసుకుంటున్నాను. నిజంగా ఒప్పుకోకపోతే ఏమవుతుంది?" అన్నాడు. "టైం లేదు, రాసింది చెప్పు" అన్నాను. సభ అయ్యాక ఆ మాటే గుర్తుంది. పిల్లల భాగస్వామ్యం గురించి రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. కింది మూడు మెట్లనూ ఆయన భాగస్వామ్యం కింద లెక్కలోకే తీసుకోడు. పిల్లల్ని పావులుగా వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకి పిలిచి కూర్చోబెట్టడం. మా మాక్ పార్లమెంటు రెండో మెట్టు మీద తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉంది.

సెప్టెంబర్లో రాజ్యాంగ రచన పాఠం వచ్చింది. ఈసారి స్క్రిప్టు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బోర్డు మీద తుడిచే వంతుల పట్టిక అంటించి, "ఇది రాసింది నేను. మీరెవరూ నన్ను అడగలేదు, నేనూ మిమ్మల్ని అడగలేదు. ఈ తరగతికి నియమాలు మీరే రాసుకోండి. మీరు ఒప్పుకున్నది నేనూ పాటిస్తాను" అన్నాను. చివరి వాక్యం అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చేసింది. దాని ఖరీదు తర్వాత తెలిసింది.

రెండు పీరియడ్లు అనుకున్నాను. ఏడు పట్టాయి. మూడో పీరియడ్‌కే నాకు సిలబస్ టెన్షన్ మొదలైంది. అప్పుడు నేను పిల్లలకు చెప్పాల్సిన అంకెలు నాకే ధైర్యమిచ్చాయి. అసలు రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న మొదలై, 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. దాదాపు మూడేళ్లు. ముసాయిదాకి 7,635 సవరణలు వస్తే 2,473 సభ ముందుకు చర్చకు వచ్చాయి. ఈ అంకెలు అంతకుముందు ఎన్నోసార్లు బిట్లుగా చెప్పాను. నలభై ఆరుగురు పిల్లలు ఒక్క ఆలస్యం నియమం మీద పీరియడంతా కొట్టుకున్నాక, వాటి బరువు నాకే మొదటిసారి తెలిసింది. బోర్డు మీద రాస్తే, వెనక బెంచీలోంచి ఒకడు, "అంతమంది ఉన్నా మూడేళ్లలో అయిపోయిందా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ అంకెకి నేను విన్న అసలైన ప్రశ్న అదొక్కటే.

ఆలస్యం సంగతి చెప్పాలి. అప్పటివరకు నేను పెట్టిన పద్ధతి, ఆలస్యమైతే పది నిమిషాలు బయట నిలబడాలి. బడికి దగ్గర్లో ఉన్నవాళ్లందరూ అది కొనసాగాలన్నారు. కొందరైతే పావుగంట చేయాలన్నారు. గొంతు పెద్దగా ఉన్నవాళ్లు కూడా వాళ్లే. అప్పుడు ఒక ఆట పెట్టాను. తత్వవేత్త జాన్ రాల్స్ చెప్పిన ఆలోచన ఒకటుంది. సమాజంలో నువ్వు ఎవరిగా పుడతావో తెలియకుండా నియమాలు రాయమంటే ఎలా రాస్తావు అని. దాన్ని కార్డులకు దించాను. ఒక సంచీలో మడిచిన చీటీలు. 'రెండు బస్సులు మారి వచ్చే అబ్బాయి', 'బోర్డు సరిగా కనపడని అమ్మాయి', 'మాట తడబడే అబ్బాయి', 'పొద్దున్నే తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి రావలసిన అమ్మాయి', 'సంవత్సరం మధ్యలో వేరే బడి నుంచి వచ్చి చేరినవాడు'. ఒక్కొక్కరూ ఒక చీటీ తీసుకోవాలి, విప్పకూడదు. నియమం మీద ఓటు వేశాకే విప్పాలి. ఆ నియమం కింద ఏడాదంతా ఆ చీటీలో ఉన్న మనిషిలా బతకాలి అనుకోవాలి.

ఆట భలే పనిచేసింది. చీటీ చేతిలో మూసి ఉండగానే గొంతులు తగ్గాయి. "ఆగండి, బస్సు చీటీ నాకే వస్తేనో?" అని పావుగంట వాళ్లలో ఒకడు తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. చివరికి బయట నిలబెట్టడం పోయింది. దాని బదులు, ఆలస్యంగా వచ్చినవాళ్లు కారణం తరగతికి చెప్పి కూర్చోవాలి. నెలలో మూడుసార్లు దాటితే, ఆ వారం వార్తల బోర్డు వాళ్లు రాయాలి.

ఇందులో నేను చేసిన తప్పు కూడా చెప్పకపోతే మోసం చేసినట్టే. అంగన్‌వాడీ చీటీ నేను ఊహించి రాయలేదు. మా తరగతిలో ఒకమ్మాయి పరిస్థితి సరిగ్గా అదే. చీటీ విప్పి ఒకడు పైకి చదవగానే, నలభై తలలు ఆ అమ్మాయి వైపు తిరిగాయి. ఆమె తల దించేసుకుంది. అంతవరకు ఆమె ఆలస్యానికి కారణం ఎవరికీ తెలియదు. సాయంత్రం పిలిచి క్షమాపణ అడిగాను. "పర్లేదు టీచర్" అంది. కానీ రెండు రోజులు క్లాసులో నోరు విప్పలేదు. ఎవరైనా ఈ ఆట ఆడిస్తే, చీటీలో మీ తరగతి పిల్లలెవరి జీవితమూ ఉండకుండా చూసుకోండి. నేను ఇప్పుడు చీటీలు రాశాక హాజరు పట్టీ దగ్గర పెట్టుకుని పేరు పేరునా సరిచూసుకుంటాను.

తుడిచే పని మీద చర్చ అనుకున్నంత వేడిగా జరగలేదు, త్వరగా తేలిపోయింది. "మగపిల్లలు తుడిస్తే ఇంట్లో నవ్వుతారు టీచర్" అన్నాడొకడు. "ఇంట్లో చెప్పకు" అంది వెనకనుంచి ఒకమ్మాయి. అందరూ నవ్వారు, ఓటు పడింది. రోల్ నంబరు వరసన నలభై ఆరుగురూ. మాది ప్రభుత్వ బడి కాబట్టి 15వ అధికరణ చెప్పే 'రాజ్యం' అన్న మాట కిందికి మేమూ వస్తామని అప్పుడు చెప్పాను. అంటే ఇన్నాళ్లూ గోడ మీద ఉన్నది రాజ్యాంగాన్ని వెక్కిరించే పట్టిక అని వాళ్లకు నేను విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ముందు బెంచీల గొడవ. వారానికోసారి బెంచీలు మారాలని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. చూపు తక్కువగా ఉన్న ఇద్దరు మాత్రం ఎప్పుడూ ముందే ఉండాలని ఒకమ్మాయి సవరణ పెట్టింది. వెంటనే, "అందరూ సమానమే అన్నారు కదా, వాళ్లకి మాత్రం ఎందుకు?" అని లేచాడొకడు. ఇక చూడండి. ఒకే బెంచీలో కూర్చోబెట్టడం సమానత్వమా, ఒకేలా బోర్డు కనపడడం సమానత్వమా? అరగంట. నేను నోరు మూసుకుని వింటున్నాను. అసలైతే 15వ అధికరణలోని మూడో క్లాజు, 1951లో మొదటి సవరణతో చేరిన నాలుగో క్లాజు, ప్రత్యేక ఏర్పాట్లు ఎందుకు సమానత్వానికి విరుద్ధం కావు అన్న పాఠం డిసెంబర్లో చెప్పాలి. ప్రతి ఏడూ ఆ పాఠం రోజు తరగతి రెండుగా చీలి, ముఖాలు ముడుచుకునేవి. ఆ ఏడు "అది మన బెంచీల లెక్కే కదా టీచర్" అని వాళ్లే అన్నారు. మొత్తం తేలిపోయిందని చెప్పను. రిజర్వేషన్ల మీద వాళ్ల ఇళ్లలో వినే మాటలు ఒక బెంచీ చర్చతో పోవు. కనీసం ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్నారు.

వినడం కూడా దానంతటదే రాలేదు. మొదటి రెండు రోజులు ఆరుగురే మాట్లాడారు. అందుకని ఒక్కొక్కరికి మూడు సుద్దముక్కలు ఇచ్చాను. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి బల్ల మీద పెట్టాలి. మూడూ అయిపోతే ఆ పీరియడ్‌కి ఇక వినడమే. మాటకారులు ముక్కలు దాచుకోవడం నేర్చుకున్నారు. ఇలా వాడకుండా మిగిలిన ముక్కల్ని పక్కవాళ్లకి అమ్మడం కూడా మొదలైందని ఆలస్యంగా తెలిసింది. ఒక పెన్ను రీఫిల్‌కి రెండు మాటలు. దాని మీద మళ్లీ ఒక నియమం.

ఇక నా ఖరీదు. ఆరో పీరియడ్లో ఒకమ్మాయి లేచి, "ఆలస్యం నియమం టీచర్లకి కూడానా?" అంది. తరగతి నిశ్శబ్దం. నేను ఏదో తప్పించుకునే మాట వెతుకుతున్నాను. స్టాఫ్ మీటింగులు, రిజిస్టర్లు, ఇలాంటివి. ఈలోగా ఇంకొకరు, "దుర్గాబాయి గారు నెహ్రూ గారినే ఆపేసింది కదా టీచర్" అన్నారు.

ఆ కథ వాళ్లకు చెప్పింది నేనే, వారం కిందటే. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర దుర్గాబాయి వాలంటీరు. టికెట్టు లేదని నెహ్రూని లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే వదిలింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు, మా పిల్లల వయసే. తర్వాత ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలు కూడా అయ్యింది, ఆ సభలోని పదిహేనుమంది మహిళల్లో ఒకరుగా. పిల్లలకు ఉత్సాహం కలగాలని చెప్పిన కథ ఇలా నా మీదకే తిరిగింది. 'టీచర్లకి కూడా' అని నేనే సుద్ద తీసుకుని రాశాను. ఆ ఊపులోనే 'తరగతిలో ఎవరి ఫోనూ మోగకూడదు' అన్న నియమం కూడా పాసైపోయింది. మా పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు.

నవంబర్ 26న, ప్రవేశిక చదివే కార్యక్రమం అయ్యాక, చార్టు మీద అందరూ సంతకాలు చేశారు. ఒకబ్బాయి చేయనన్నాడు. బెంచీల నియమం తనకు నచ్చలేదట. నచ్చకపోయినా పాటిస్తానన్నాడు. బలవంతం చేయలేదు. అతని పేరు దగ్గర 'పాటిస్తాను, ఒప్పుకోను' అని రాయించుకున్నాం. ఆగస్టులో ప్రతిపక్ష నాయకుడి వేషం వేసింది ఇతనే.

డిసెంబర్లో క్లాస్ లీడర్ ఎన్నిక. దీన్ని పొడుగ్గా చెప్పను, బ్యాలెట్ పెట్టి ఎన్నిక జరపడం చాలా బడుల్లో చేస్తున్నదే. ఓటర్ల జాబితా రోజు మాత్రం గుర్తుండిపోయింది. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా 'ఫలానావాడి భార్య', 'ఫలానావాడి కూతురు' అని నమోదు చేయించుకుంటే, అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి పేర్లు కుదరవన్నారు. దాదాపు 28 లక్షల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఇది చెప్పాక, ఇంటికెళ్లి అమ్మమ్మ, నానమ్మల ఓటరు కార్డు మీద పేరు చూసి రమ్మన్నాను. ముగ్గురు పిల్లలకు తమ నానమ్మ అసలు పేరు ఆ రోజే తెలిసింది.

ఎన్నికలో ఒక అభ్యర్థి పెన్నులు పంచాడు. ముగ్గురు పిల్లల ఎన్నికల కమిటీ దగ్గరికి ఫిర్యాదు వెళ్లింది. నేనైతే అతన్ని పోటీలోంచి తీసేసేదాన్ని. వాళ్లు పెన్నులన్నీ వెనక్కి తెప్పించి తరగతి డబ్బాలో వేయించారు, పెన్ను మర్చిపోయినవాళ్ల కోసం. అతను ఓడిపోయాడు. ఆ డబ్బా మార్చి పరీక్షల దాకా పనికొచ్చింది. నోటాకి తొమ్మిది ఓట్లు పడ్డాయి. 'నోటాకే అందరికన్నా ఎక్కువ వస్తే?' అన్న ప్రశ్న వస్తుందని తెలిసే సిద్ధంగా ఉన్నాను. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చినా, లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో దానికి ఎన్ని ఓట్లు పడ్డా అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారని చెప్పాను. "మరి ఎందుకు పెట్టారు?" అన్నారు. చెప్పగలిగింది చెప్పాను. వాళ్లు తృప్తిపడలేదు.

తరగతి లోపల చేసిందంతా ఒక ఎత్తు, గేటు బయట జరిగింది ఒక ఎత్తు.

మా బడి గేటు ముందు రోడ్డు మీద బళ్లు చాలా వేగంగా వెళతాయి. జనవరిలో ఒక ఆరో తరగతి పిల్లాడికి తృటిలో తప్పింది. మా పిల్లలు స్పీడ్ బ్రేకర్ కావాలన్నారు. "ఎవరిని అడగాలి?" అన్నాను. "సర్పంచ్‌ని!" అందరూ ఒకే గొంతుతో. ఉత్తరం రాశారు, ఇచ్చి వచ్చారు. నాలుగు రోజుల తర్వాత పంచాయతీ నుంచి జవాబు: ఆ రోడ్డు మాది కాదు, ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది.

ఈ ఒక్క జవాబు నా పాఠాలు పది చేయలేని పని చేసింది. 'మాది కాదు' అంటే ఏమిటి, మరి పంచాయతీది ఏది అని వెతుకులాట మొదలైంది. 1992 నాటి 73వ సవరణ, అది చేర్చిన పదకొండో షెడ్యూలు, అందులోని 29 అంశాలు. తాగునీరు ఉంది, గ్రామీణ విద్యుదీకరణ ఉంది, రోడ్లు కూడా ఉన్నాయి. "చూడండి టీచర్, రోడ్లు ఉన్నాయి!" అని గొడవ. ఏ రోడ్డు ఎవరి రిజిస్టర్లో ఉందన్నది వేరే లెక్క అని, షెడ్యూల్లో ఉన్నంత మాత్రాన అన్నీ చేతికి వచ్చినట్టు కాదని చెప్పాల్సి వచ్చింది. గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి, చుట్టూ కనిపించే ప్రతి వస్తువుకీ 'ఇది ఎవరి పని?' అని రాయడం మొదలుపెట్టాం. కుళాయి, స్తంభం, కాలువ, రేషన్ దుకాణం, బస్సు. ఆ కాగితం మార్చి దాకా నిండుతూనే ఉంది. కొన్నిటి పక్కన నాలుగు శాఖల పేర్లు ఉన్నాయి. అంటే అది ఎవరి పనీ కాదని ఒకడు తేల్చాడు.

అదే నెలలో గ్రామసభ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండి ఓటరు జాబితాలో ఉన్నవాళ్లే అందులో సభ్యులు కాబట్టి పిల్లలు మాట్లాడడానికి లేదు. వాళ్లు వాళ్ల అమ్మల్ని పంపారు. ముగ్గురు తల్లులు వెళ్లారు, ఒకామె లేచి మాట్లాడింది. అరగంట పాటు ఎన్ని బళ్లు వెళ్లాయో పిల్లలు లెక్కపెట్టి రాసిచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. తీర్మానం పుస్తకంలో ఎక్కింది. ఆ నకలు జతచేసి ఆర్ అండ్ బి ఆఫీసుకు పంపాం. జవాబు లేదు.

నెల దాటాక సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. 2005 చట్టం 'పౌరులందరికీ' అంటుంది, వయసు ఊసెత్తదు. పిల్లలూ పౌరులే. అయినా నేను జాగ్రత్తపడి, ఒక పిల్లవాడి నాన్న పేరుతో పెట్టించాను. అది సరైన పనేనా అని ఇప్పటికీ అనుమానమే. 'ఫలానా తేదీన వచ్చిన ఉత్తరం మీద ఏం చర్య తీసుకున్నారు, ఆ ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది' అని రెండే ప్రశ్నలు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని ఆరో సెక్షన్లో ఉందని చదివినప్పుడు ఒకమ్మాయి పుస్తకం మూసి, "అసలు ఎందుకూ అని అడగరా?" అని రెండుసార్లు అడిగింది. గడువు ముప్పై రోజులు. క్యాలెండర్లో రోజూ ఒకరు కొట్టివేసేవారు. ఇరవై ఎనిమిదో రోజున కవరు వచ్చింది. విప్పుతుంటే పదో తరగతి వాళ్లు కూడా కిటికీల దగ్గరికి చేరారు.

స్పీడ్ బ్రేకర్ రాలేదు. ఆ తరహా రోడ్డు మీద ఇష్టం వచ్చినట్టు వేయడానికి రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఒప్పుకోవని జవాబు. తర్వాత ఒక ఇంజనీరు గారు వచ్చి చూసి, పిల్లలతో పావుగంట మాట్లాడారు. ఎక్కడపడితే అక్కడ వేసిన స్పీడ్ బ్రేకర్ రాత్రిపూట ద్విచక్ర వాహనాలను ఎలా పడేస్తుందో నేల మీద గీసి చూపించారు. వేసవి సెలవులు అయి బడి తెరిచేసరికి రెండు వైపులా 'ముందు పాఠశాల ఉంది' బోర్డులు, రోడ్డుకి అడ్డంగా సన్నటి రంబుల్ స్ట్రిప్స్, అంటే బండి కుదుపుతో వేగం తగ్గించమని గుర్తుచేసే గట్లు ఉన్నాయి. పిల్లల్లో సగం మంది గెలిచామన్నారు, సగం మంది ఓడిపోయామన్నారు.

వ్యతిరేకత కూడా వచ్చింది. సమాచార హక్కు పేరు వినగానే హెడ్మాస్టరు గారు, "అమ్మా, రేపు మన మధ్యాహ్న భోజనం లెక్కలు అడిగితే?" అన్నారు. సగం నవ్వుతూ, సగం నిజంగానే. ఒక తండ్రి నేరుగా స్టాఫ్ రూముకి వచ్చి, "మేడమ్, పిల్లలకి రాజకీయాలు నేర్పుతున్నారంట?" అన్నారు. కోపంగా కాదు, భయంగా. ఆయన భయంలో న్యాయం ఉంది. టీచరు తన అభిప్రాయాన్ని పిల్లల నెత్తిన రుద్దడం ఎంత తేలికో నాకు తెలుసు. జర్మనీలో 1976లో బాయిటల్స్‌బాఖ్ అనే ఊళ్లో వేర్వేరు రాజకీయ అభిప్రాయాలున్న విద్యావేత్తలు కూర్చుని మూడు సూత్రాల మీద ఒప్పందానికి వచ్చారు. పిల్లల మీద అభిప్రాయం రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపాలి, తమకు సంబంధించిన విషయాన్ని తామే తూచుకునే శక్తి పిల్లలకు రావాలి. వాటినే ఆయనకు నా మాటల్లో చెప్పాను. పార్టీల పేర్లు, నేను ఎవరికి ఓటేస్తానన్నది తరగతిలోకి రావు. ఆయన తల ఊపి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ సమాచారం కాగితం ఎలా రాయాలో నాక్కూడా ఒకటి చూపిస్తారా? మా పాస్‌బుక్ పని ఒకటి ఉంది" అన్నారు.

మార్కుల దగ్గర మళ్లీ దెబ్బతిన్నాను. చర్చలో పాల్గొన్నందుకు ఫార్మేటివ్‌లో (ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కుల్లో) ఐదు మార్కులు పెడితే, మర్నాటి నుంచి పిల్లలు నా వైపు చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టారు. అంతకుముందు ఒకరి వైపు ఒకరు చూసుకునేవారు. పదిహేను రోజుల్లో తీసేశాను. ఇప్పుడు, తమ వాదనకు ఎదురుగా ఉన్నవాళ్ల వాదనను వాళ్లకంటే బాగా అరపేజీలో రాయమంటాను. దానికే మార్కులు. సిలబస్ సంగతి అడుగుతారేమో, రెండు వారాలు వెనకబడ్డాను. లెక్కల సారు దయతో ఇచ్చిన పీరియడ్లతో ఫిబ్రవరి చివరికి అందుకున్నాను. వార్షిక పరీక్షలో మార్కులు పెరిగాయా అంటే, చెప్పుకునేంత తేడా లేదు. బిట్లలో ఎప్పటిలాగే వచ్చాయి. వ్యాస ప్రశ్నల్లో మాత్రం గైడు వాక్యాలు తగ్గి చేతిరాత తప్పులు ఎక్కువయ్యాయి. దిద్దడానికి రెట్టింపు టైం పట్టింది.

నియమం నేను కూడా పాటించాను. డిసెంబర్లో ఒక రోజు హెడ్మాస్టరు గారి గదిలో ఆలస్యమై ఎనిమిది నిమిషాలకు తరగతికి వెళ్లాను. గుమ్మంలోనే ఆగి, కారణం చెప్పి, "కూర్చోవచ్చా?" అన్నాను. మొదటి రెండు క్షణాలు ఎవరికీ ఏమనాలో తెలియలేదు. లీడరు లేచి, "కూర్చోండి టీచర్" అంది. ఫోను మోగిన రోజుల గురించి చెప్పను. వార్తల బోర్డు మీద నా చేతిరాత రెండు వారాలు కనిపించింది.

జూన్‌లో కొత్త తొమ్మిదో తరగతి వచ్చింది. గోడ మీద పాత చార్టు అలాగే ఉంది, నలభై ఐదు సంతకాలతో, ఒక 'పాటిస్తాను, ఒప్పుకోను'తో. రెండో రోజే ఒకడు దాన్ని మొత్తం చదివి, "ఇది వాళ్లు రాసుకున్నది కదా టీచర్, మేమెందుకు పాటించాలి?" అన్నాడు. రాజ్యాంగాన్ని సవరించడం గురించి చెప్పే 368వ అధికరణ పాఠం జనవరిలో ఉంది. అప్పటిదాకా ఆగేలా కనిపించలేదు. చార్టు దించి వాళ్ల చేతికిచ్చాను. ముందుగా ఫోను నియమం దగ్గర ఆగారు.

"ఇది ఎందుకు పెట్టారు?" అని గుసగుసలు. పాత బ్యాచ్‌లో అన్న ఉన్నవాడొకడు చెప్పినట్టున్నాడు. అందరూ ఒకేసారి నా హ్యాండ్‌బ్యాగు వైపు చూశారు.